లెక్కకు రాని మగవాళ్లు

మా ఊరు జమ్మలమడుగుకూ ఎర్రగుంట్లకూ నడుమ ఉంటుంది. పల్లె అంటే మావాళ్లకు కోపం, టౌను అంటే బయటివాళ్లకు నవ్వు. ఉత్త మేజర్ పంచాయతీ. మున్సిపాలిటీ చేయమని అడిగినప్పుడల్లా జనాభా చాలదని పైనుంచి కాగితం తిరిగొచ్చేది. జనం లేక కాదు, తలలు బయటపెట్టక. ఆ సంగతి పైవాళ్లకు చెప్పేదెవరు?

ఆ యేడు జనాభా లెక్కల పని బడిటీచర్లమైన మా నెత్తిన పడింది. పని మొదలుపెట్టకముందే, ఊళ్లో ఒక ఫ్యాక్షన్ పార్టీని నడిపే పెద్దమనిషి నన్ను పిలిపించాడు.

"టీచరమ్మా, ఒక్క తల గూడా తప్పిపోగూడదు. ఈసారి మున్సిపాలిటీ కావాల, నేను చైర్మన్ కావాల."

సిగ్గు లేకుండా అన్నాడు. ఆయన మనుషుల కొడవళ్లకు భయపడే కదా ఊళ్లో సగంమంది మగవాళ్లు ఇళ్లలో దాక్కున్నది!

వేరే ఊళ్లలో "ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే మంచినీళ్లిచ్చి మరీ చెబుతారు. మా ఊళ్లో ఆ ప్రశ్న అడిగేది చంపడానికి వచ్చేవాళ్లు. అందుకే ఎవరు తలుపు తట్టినా ఆడవాళ్లే బయటికొచ్చి, మగోళ్లు లేరంటారు. పిల్లలకు మాటలతో పాటే ఆ జవాబూ నేర్పుతారు.

మా వీధి చివరి ఇంట్లో ఒక ముసలామె, కోడలు. ముసలామె భర్తను ఈ పెద్దమనిషి మనుషులే చేలో నరికారు. మిగిలింది ఒక్క కొడుకు.

"ఇద్దరమే అమ్మా. వాడు బెంగుళూరులో ఉండాడు" అంది.

పొయ్యి మీద సంగటి కుండ ఇద్దరాడవాళ్లు తినేంత చిన్నది కాదు. గూట్లో గడ్డం గీసుకునే బ్రష్ ఇంకా నురగతో తడిగా ఉంది. నేను చూశానని ఆమె చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరాడవాళ్లు అని రాసుకుని బయటికొచ్చాను.

వీధి మలుపులో ఆ పెద్దమనిషి మనుషులే ఇద్దరు అడ్డమొచ్చారు. ఒకడు జడ పట్టుకుని గోడకు నెట్టాడు.

"ఏమ్మే, ఆ ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"ఇద్దరు ఆడోళ్లు."

"కొడుకు?"

"బెంగుళూరులో."

చెంప పగలగొట్టాడు. రెండోవాడు నా కుడిచెయ్యి మెలితిప్పి, వేళ్లు చితికేలా గోడకేసి కొట్టాడు. "ఇదేనా రాసే చెయ్యి? చెప్తాండావా లేదా?" శత్రువును ప్రేమించమని మిషను బళ్లో పనిచేసిన మా నాయన నేర్పాడు. ఆ పూట నావల్ల కాలేదు. వాళ్ల చేతులు పడిపోవాలని శపిస్తూ అదే మాట మళ్లీ చెప్పాను. కాగితం లాక్కుని చూశారు. అందులోనూ ఇద్దరే ఉన్నారు. వదిలేసి పోయారు.

దాక్కుని దాక్కుని విసిగిన ఆ కొడుకు, కొన్నాళ్లకే ప్రొద్దుటూరు బస్సెక్కాడు. పట్టపగలు ఆ పెద్దమనిషి మనుషులే రోడ్డుకు అడ్డంగా జీపు పెట్టి బస్సు ఆపారు. బాంబు వేసి, ఆ పొగలో అతన్ని కిందికి లాగి నరికారు. బస్సు నిండా జనం. ఒక్కరూ సీట్లోంచి లేవలేదు. అతని చెప్పులు మాత్రం సీటు కిందే ఉండిపోయాయి.

లెక్కలకు రెండోసారి కూడా ఇల్లిల్లూ తిరగాలి. మొదటిసారి రాసుకుని పోయాక ఎవరైనా పుట్టారా, పోయారా అని అడగాలి. పుడితే చేర్చాలి, పోతే కొట్టెయ్యాలి. ఆ ఇంటి ముందు సంచిలోంచి కాగితాలు తియ్యకుండానే నిలబడ్డాను.

"అడగవేంది టీచరమ్మా?" అంది ముసలామె.

"పేరు మొదటే రాయలేదు కదా పెద్దమ్మా. రాయని మనిషిని ఎట్ల కొట్టేసేది?"

"అట్లయితే ముందు రాయి. రాసి కొట్టెయ్. నా కొడుకు ఈ ఊళ్లో ఉండాడని ఒక్క కాగితంలోనన్నా ఉండనీ."

కట్టు కట్టిన వేళ్లతో రాశాను. పేరు, వయసు, చదువు, పని. ఇన్నాళ్లూ గొంతు దించి లేడని చెప్పిన మనిషి, ఒక్కో జవాబూ వీధంతా వినపడేలా చెప్పింది. యాడ ఉంటాడని అడిగితే, "ఇంట్లోనే ఉండాడు" అని అరిచింది. కోడలు గోడకు తల ఆనించి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఇంగ కొట్టెయ్" అంది.

నేను కొట్టెయ్యలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాను.

ఆ యేడు కూడా జనాభా చాలలేదు. మా ఊరు పంచాయతీగానే మిగిలింది. పెద్దమనిషి పిలిపించి నలుగురిలో నామీద విరుచుకుపడ్డాడు.

"తలలు సరిగా లెక్కపెట్టినావా?"

"మీరు మిగిల్చినవన్నీ లెక్కపెట్టినా అప్పా," అన్నాను. "ఒకటి ఎక్కువే రాసినా."