తీతువు గుడ్లు, నల్ల పొట్టేలు

ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. అబద్ధమైతే రేపటి నుంచి నాకు చాయ్ పుట్టకూడదు.

నిన్న సూర్యాపేట బైపాస్ పక్కన కొత్తగా తవ్విన మొరం మట్టి వాసన తగలగానే మా తాత గుర్తొచ్చాడు. ఆయన గొర్రెలు మేపే బీడులో ఒకరోజు రంగురంగుల జెండాలు వెలిశాయి. జాతరొస్తోందని నేను గంతులేశాను.

"జాతర గాదు బిడ్డా, ప్లాట్లు గొడుతున్రు," అన్నాడు తాత.

అంతలోనే డోజరు వచ్చింది. దాని దారిలో తీతువు పిట్ట నేలమీద గుడ్లు పెట్టుకుంది. అలాంటి చోట మావాళ్లు మందను కూడా పడుకోబెట్టరు. పిట్ట మా తలల మీద అరుస్తూ తిరుగుతోంది. తాత గొర్రెలను తోలుకొచ్చి గుడ్లకు అడ్డంగా నిలబెట్టాడు.

"జరుగు పెద్దాయనా! పిట్టగుడ్ల కోసం పని ఆపాల్నా?" డ్రైవర్ అరిచాడు.

"నీ పెండ్లాం పురిట్ల ఉంటే గిట్లనే తోల్తవారా?"

డోజరు ఆగలేదు. గుర్రుమంటూ గొర్రెల మీదికే వచ్చింది. నేను తాత పంచె పట్టుకుని ఆయన వెనక దాక్కున్నాను. అప్పుడు మా నల్ల పొట్టేలు ముందుకు దూకి, కొమ్ములు ఆనించి ఒక్క నెట్టు నెట్టింది. డోజరు వెనక్కి నడిచింది.

సరే, పొట్టేలు సంగతి కల్పించాను. అది లేకుండా ఈ కథ నా గొంతు దాటదు. ఆరోజు వెనక్కి నడిచింది మేమే. డోజరు వెళ్లిపోయాక కూడా, చదునైన నేలమీద ఆ పిట్ట వెతుక్కుంటూ అరుస్తూనే ఉంది.