జారిన వేలు

పాత ఆర్కెస్ట్రా రికార్డింగులు విని, ఏ వాద్యం ఏ స్వరం పలికిందో కాగితం మీద రాయడం ఆమె పని. కళ్ళు మూసుకుని, పెన్సిల్ చివర కొరుకుతూ, ఒకే ముక్కను విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ వింటుంది. "అమ్మకి సన్నాయి వినిపిస్తుంది గానీ నా కేక వినపడదు" అని కూతురు ఎగతాళి చేస్తుంది. ఈమధ్య ఆ మాటకి ఆమె నవ్వలేకపోతోంది. వయొలిన్ వరుసలో పొసగని స్వరం ఒకటి ఎన్నిసార్లు విన్నా అలాగే వినిపిస్తోంది. చెవులు మొరాయిస్తున్నాయేమోనని బెంగ పట్టుకుంది.

చివరికి, ఆనాడు ఆ వయొలిన్ వాయించిన పెద్దాయన ఇంటికే వెళ్ళి, ఆ స్వరం రాసుకున్న కాగితం చూపించి తన బెంగ చెప్పుకుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, సిగ్గుగా నవ్వాడు.

"నీ చెవులకేం ఢోకా లేదమ్మా. ఆ రోజు నా వేలే జారింది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "దిద్దెయ్యమంటారా, బాబాయిగారూ?"

"దిద్దెయ్ తల్లీ. ఇప్పటికైనా సరిగ్గా వాయించినవాణ్ణవుతాను."