బూటులో గుడ్డ

నా చిన్నప్పుడు మేము భిలాయి సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేవాళ్లం. మా నాన్న ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగి. ఆయన తమ్ముడు, మా బాబాయి, అక్కడే కాంట్రాక్టు కూలీ. కూలీలుండే క్యాంప్ 2లో ఒంటిగదిలో ఉండేవాడు. ప్లాంటు నాన్నకు బూట్లిచ్చేది, ఆస్పత్రిలో మందులిచ్చేది. బాబాయికి ఆ రెండూ లేవు. అందుకని నాన్న పాత బూట్లను అమ్మ మరిదికి ఇచ్చేది. బాబాయి పాదం చిన్నది కావడంతో ముందు గుడ్డ కుక్కుకుని తొడుక్కునేవాడు. మా వీధిలో అన్ని ఇళ్లలోనూ ఇదే తంతు. క్వార్టర్లో మిగిలిందేదైనా క్యాంపులోని అయినవాళ్లకు చేరేది, మందులతో సహా.

ఒక వేసవిలో బాబాయి బాగా నీరసపడ్డాడు. దాహమనేవాడు, కళ్లు తిరుగుతున్నాయనేవాడు. కొలిమి వేడిలో రోజంతా ఇటుకలు మోసే మనిషికి అవి రాకేం చేస్తాయి! కానీ నాన్నకు షుగరు బయటపడినప్పుడూ ఇలాగే ఉండేది. ఒక తల్లి బిడ్డలే కదా అనుకుంది అమ్మ. ఆదివారం ఇంటికొచ్చిన బాబాయి చేతిలో నాన్న మాత్ర పెట్టి నీళ్లిచ్చింది. అన్నం ఇంకా ఉడకలేదు.

కొంతసేపటికి ఆయన వరండా గోడకు జారగిలబడ్డాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. అమ్మ కేకకు పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. విశాఖపట్నంలో మేనత్త ఇంట ఉండి ఫార్మసీ చదివొచ్చి, డిస్పెన్సరీ కిటికీ దగ్గర మందులిచ్చేది తను.

"ఏటిచ్చావు పిన్నీ?"

అమ్మ మాత్ర చూపించింది. "షుగరు పడిపోయింది" అంటూ అక్క ఇంకేమీ అడగకుండా పంచదార నీళ్లు కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా బాబాయికి తాగించింది. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి నాన్న రిక్షా కోసం పరుగెత్తాడు. బాబాయి కాస్త తేరుకున్నాక, అక్క గుమ్మం దగ్గరున్న ఆయన బూటు తీసి, అందులోని గుడ్డ లాగి అమ్మ ఒళ్లో పెట్టింది.

"అన్న బూటు వదులైతే గుడ్డ కుక్కుకున్నాడు. అన్న మాత్ర పడకపోతే ఏటి కుక్కుతావు పిన్నీ?"

గట్టిగా అనలేదు. అమ్మ ఆ గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. "బాగుపడతాడనుకున్నానే" అంది. అక్క ఆమె పక్కనే నేల మీద చతికిలబడి, "నీకు చెప్పినోళ్లేరీ? ఈ చదువు మన ఊళ్లోనే ఉంటే గల్లీకొకరు చెప్దురు" అంది.

బాబాయి బతికాడు. అయినా ఆ వణికే చేతులు తలచుకుంటే నాకిప్పటికీ భయమే. పెద్దయ్యాక నేనూ అక్క చదువే చదివాను, అక్కలాగే ఊరు విడిచి వెళ్లి చదివాను.

ఇన్నేళ్లకు మా భిలాయి పక్కనున్న దుర్గ్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాల పెడుతోంది. రిటైరైన ఫార్మసిస్టునని సలహాకు నన్నూ పిలిచారు. ల్యాబుల గురించి, యంత్రాల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. అవీ కావాలి. నేను మాత్రం క్యాంపు జనం నేరుగా వచ్చి మందుల గురించి అడగడానికి ఒక కిటికీ, దానికి రెండు వైపులా కుర్చీలు అడిగాను. నిలబడ్డ మనిషి సగమే చెబుతాడు. ఎందుకు మేడమ్ అన్న కుర్ర ప్రొఫెసరుకు ఈ కథంతా చెప్పాను. ప్లానులో కిటికీ చేరింది. చూడ్డానికి అక్క లేదన్నదే నా బాధ.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఇప్పుడూ, ఎవరైనా మాత్ర చూపిస్తే ముందు "ఇది మీకే రాశారా?" అని అడుగుతాను. చాలామంది తల దించుకుంటారు. నాకు అమ్మ ఒళ్లోని గుడ్డ గుర్తొస్తుంది. కసరబోయిన మాట మింగేసి, వాళ్ల పక్కన కూర్చుంటాను.