పిన్నీసులు పెట్టిన నా బైబిలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు ఇంటి గడప దాటి కాలు కింద పెట్టడానికే వణికిపోయిన మనిషిని నేను. మాది ఆళ్లగడ్డ, నన్ను నంద్యాలకు ఇచ్చినారు, ఊరి బయట ఉన్న శనగచేనే మా సంసారానికి ఆధారం. ఆ చేలో కలుపు తీస్తుంటే నన్ను పాము కరిచింది. పెద్దాసుపత్రిలో సూదులు వేసి బతికించినారు, దేవునికి స్తోత్రం, కానీ కాలి వాపు దిగినా మనసులో భయం దిగలేదు. మంచం దిగాలంటే లైటు వేసి నేలంతా వెతుక్కునేదాన్ని, వీధిలో తాడు ముక్క కనపడినా వెనక్కి పరిగెత్తేదాన్ని. నా భర్త ఒక్కడే చేనుకూ ఇంటికీ తిరగలేక, ఇంక చేను అమ్మేద్దామనే దాకా వచ్చినాడు.

ఆ రోజుల్లో నేను చేసిన పని చెప్తే నవ్వుకుంటారు. సర్పము అన్న మాట బైబిల్లో కనపడినా ఒళ్లు జలదరించేది, అందుకని ఏదెను తోట కథ ఉన్న పేజీలకు పిన్నీసు పెట్టేసినాను, ప్రకటన గ్రంథంలో ఘటసర్పం ఉన్నచోటా పెట్టినాను. ఒక ఆదివారం పాస్టరుగారు, మోషే సర్పాన్ని ఎత్తినట్టే మనుష్యకుమారుడూ ఎత్తబడాలని యోహాను సువార్తలో చదివితే, నా ప్రభువును పాముతో పోల్చడమేందని లేచి వచ్చేసి, ఆ పేజీకీ పిన్నీసు పెట్టినాను.

మా నాయన ఆళ్లగడ్డలో గొర్రెలు కాసేవాడు. మా చిన్నతనంలో అమ్మ జొన్నరొట్టెలు కాలుస్తుంటే మమ్మల్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, బైబిల్లో సింహం అంటే ఎవరు అని అడిగేవాడు. కొందరం సాతాను అనేవాళ్లం, కొందరం యేసయ్య అనేవాళ్లం. నాయన నవ్వి, "ఇద్దరూనప్పా. మృగాన్ని చూసి చెప్పొద్దు, అది ఏం చేస్తాందో చూసి చెప్పల్ల. మింగను తిరిగేది వాడు, మనకోసం గెలిచినది ఈయన" అనేవాడు. 

నా సంగతి విని నాయన బస్సెక్కి వచ్చినాడు. కుటుంబ ప్రార్థనకని నా బైబిలు తెరిస్తే పిన్నీసులు చేతికి తగిలినాయి.

"ఏందమ్మా ఇది? దేవుడు లోకాన్ని ప్రేమించిన మాట గూడా ఈ పేజీలోనే ఉండాది కదా, దాన్నీ మూసేస్తివే" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగినాడు. "అరణ్యంలో పాములు కరిచినోళ్లు చూసి బతకల్లని మోషే చేసిన ఇత్తడి పాముకు విషం ఉండెనా?"

"లేదు నాయనా."

"కరిచినదాని రూపమే, విషం మాత్రం లేదు. అట్లే యేసయ్య మన పాపమంతా మీదేసుకున్యాడు, ఆయనలో పాపం లేదు. మరి దేవుడు ఆ పామును కొయ్య మీద ఎందుకు ఎత్తమన్యాడు? పాము కరిచినోళ్లు కిందికే చూస్తాంటారు, వాళ్లు తల ఎత్తల్లని. నువ్వు యాడ చూస్తాండావ్ మా?"

నేను మోకాళ్ల మీద పడి ఏడ్చినాను. ప్రభువా, నేలను చూసి చూసి నిన్ను చూడడం మరిచిపోయినాను, నా తల ఎత్తు తండ్రీ అని ప్రార్థించినాను. తెల్లారినాక నాయన కట్టె తట్టుకుంటూ ముందు నడిచినాడు, నేను వణుకుతానే వెనక నడిచి చేలో అడుగు పెట్టినాను. భయం ఒక్కరోజులో పోలేదు, కానీ రోజూ పోయినాను. చేను అమ్మలేదు.

ఇప్పుడు నాయన ప్రభువు దగ్గర ఉన్నాడు. చేలో పాములు లేవని నేను చెప్పడం లేదు సహోదరులారా, మొన్న కూడా గట్టు మీద ఒకటి పోయింది, గుండె దడదడలాడింది, అది పోయినాక మళ్లీ కలుపు తీసుకున్నాను. మీలో ఎవరైనా కాటు పడినచోటే చూసుకుంటూ కూర్చుని ఉంటే, అది తాగుడు కానీ, జబ్బు కానీ, చేసిన పాపం కానీ, ఇంక దాన్ని చూడొద్దండి. ఆయన మనకోసం కొయ్య మీద ఎత్తబడినాడు, తల ఎత్తితే చాలు, కనపడతాడు. మహిమంతా ఆయనదే.