ముందటి చక్రాల బండి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మెదక్ బస్సులో నాకు కుడిపక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలోని కార్ల పత్రిక చూసి, తనకూ అట్లాంటి చిన్న ఎర్ర కారు ఉండేదన్నాడు. "మస్తు స్పీడ్ బండి."

నాకే అన్నీ తెలుసన్న పొగరుతో, "ముందటి చక్రాలు గుంజే బండి స్పీడ్ బండెట్లయితది సార్? ఎనక చక్రాలు నూకాలె గని," అన్నాను.

"ఏడుపాయల గుడి కాడ బండికి పూజ చేపిస్తే నిమ్మకాయలు తొక్కినయి గూడ ముందటి చక్రాలే గద తమ్మీ," అని నవ్వాడు. "పక్కన మా ఆమె కండ్లు మూసుకునేది. గంతకన్న స్పీడేం గావాలె?"

హవేలిఘనపూర్ దాటాక, రాస్తారోకో కనబడి డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేశాడు. పెద్దాయన ఎడమ చెయ్యి చటుక్కున నా ఛాతీకి అడ్డం వచ్చింది. బస్సు ఆగాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయింది.

"మాఫ్ జెయ్యి తమ్మీ," అంటూ నెమ్మదిగా తీసుకున్నాడు. "ఆమె లేదని గీ చెయ్యికి ఇంక ఎర్కలేదు."

ఇప్పుడు నాకూ అట్లాంటి బండే ఉంది. బాగానే పరుగెత్తుతుంది. పక్క సీట్లో కళ్లు మూసుకునేవాళ్లెవరూ లేరు. ఎంత గట్టిగా బ్రేక్ వేసినా నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి.