పరదాల డైరెక్టరు

పరదా కట్టందే ఆ డైరెక్టరు కెమెరా తిప్పడు. రాజుల కాలం సినిమా కానీ, మూడు నిమిషాల పాట వీడియో కానీ, పళ్లపొడి ప్రకటన కానీ, ఫ్రేములో ఏదో ఒక మూల పరదా వేలాడాల్సిందే. పరిశ్రమలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. పరదాల డైరెక్టరంటే మాత్రం గేటు దగ్గర కాపలావాడు కూడా దారి చూపిస్తాడు.

ఆ పరదాలన్నీ కట్టే ఖర్మ ఆయన బామ్మర్దిది. అక్క మొగుడు కాబట్టి తిట్టలేడు, ఆర్ట్ డైరెక్టరు కాబట్టి కట్టకుండా ఉండలేడు. రాత్రీపగలూ కూర్చుని గోడల మీద లతలూ నెమళ్లూ చెక్కిస్తాడు. పొద్దున బావ వచ్చి వాటి మీద చక్కగా పరదా కప్పేస్తాడు.

ఒకసారి రెండొందల ఏళ్లనాటి జైలు సెట్టు వేశారు. బావ వచ్చి అటూ ఇటూ చూసి, "పరదా ఏదిరా?" అన్నాడు.

"జైల్లో పరదా ఏంటి బావా?"

"ఏం, ఖైదీలకు మానమర్యాదలు ఉండవా? ఆ కాలంలో ఉండేవి."

"ఆ కాలం నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

బామ్మర్ది మేకులు అందుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో బావ గుర్రాలశాలకూ, ఫిరంగుల గిడ్డంగికీ, ఆఖరికి ఉరికంబానికీ కూడా పరదాలు కట్టించాడు.

సరే, చరిత్ర సినిమాలంటే అడిగేవాడు లేడు. పాట వీడియోల సంగతేమిటి? ఓ గాయని ఇసుకదిబ్బ మీద నిలబడి పాడాలి. దిబ్బ మీద రెండు గుంజలు పాతించి పరదా కట్టించాడు. పాట సగంలో గాలి వీచి, పరదా ఎగిరి డ్రమ్ములవాడికి చుట్టుకుంది. ఆ మనిషి లోపల్నుంచే వాయించాడు. జనానికి అదే నచ్చింది.

"ఇసుకలో పరదా ఎందుకు సార్?" అని ఆ అమ్మాయి అడిగితే, "గాలి కనపడాలి కదమ్మా?" అన్నాడట.

ఎవరో ప్రొఫెసరుగారు ఈ పరదాల మీద పెద్ద వ్యాసం రాశారు. గతానికీ వర్తమానానికీ నడుమ మనిషి పడే తెగని తపనకు ఆ పరదా ప్రతీక అన్నారు. డైరెక్టరు రెండుసార్లు చదివి, "బాగుందిరా, ఈసారి ఎవరైనా అడిగితే ఇదే చెప్దాం" అన్నాడు.

ఇంతా చేసి ఆయన ఇంట్లో ఒక్క కిటికీకీ పరదా ఉండదు. ఉన్నవన్నీ ఎప్పుడో షూటింగుకు తరలిపోయాయి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎండ కంచంలోనే పడుతుంది. అక్క మాత్రం పల్లెత్తు మాట అనదు. ఆవిడకు కొన్నేళ్లుగా సంగీతం పిచ్చి పట్టుకుంది. క్లాసుకని పొద్దున్నే వెళ్లి, సాయంత్రం గొంతు బొంగురుపోయి, మోకాళ్లు పట్టుకుని ఇంటికొస్తుంది.

"సంగీతానికి మోకాళ్లెందుకు నొప్పెడతాయక్కా?"

"మా మాష్టారు నిలబెట్టి పాడిస్తారు."

"ఒక్క పాట వినిపించవే?"

"ఇంకా సాధనలో ఉన్నాన్రా."

మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఇద్దరే అనుకున్నాడు బామ్మర్ది.

ఇలా ఉండగా కొత్త సినిమాలో పెద్ద ఘట్టం వచ్చింది. ముసలిరాజు సింహాసనం దిగిపోతూ సభకు చెప్పే ఆఖరి మాట, పొడుగాటి ఒకే షాటు. రాజు వేషం, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి నటుడిది. బావ తీసే చరిత్ర సినిమా ఏదైనా అందులో ఆ పెద్దాయన ఉండాల్సిందే. ఆయన ఒక్కసారి వింటే చాలు, పేజీలకు పేజీలు అప్పజెప్పేస్తాడని పేరు.

ఆ రోజు నిర్మాత సెట్టుకొచ్చి బామ్మర్దిని పక్కకు పిలిచాడు. "పెద్దాయనకు మతిమరుపు వచ్చిందంటున్నారు. ఇవాళ ఒక్క మాట తడబడ్డా రేపు ఇంకొకరితో వేషం వేయిస్తా. పోతే, సింహాసనం వెనక ఆ గుడ్డ ఏంటయ్యా? నువ్వు చెక్కించిన గోడ బ్రహ్మాండంగా ఉంటే! ముందు అది పీకెయ్."

ఇన్నేళ్లకు తన గోడను చూసిన మనిషి ఒకడు దొరికాడు. బామ్మర్దికి ప్రాణం లేచొచ్చింది. నిచ్చెన భుజాన వేసుకుని సింహాసనం వెనక్కి వెళ్లి, పరదా కొస ఎత్తాడు.

లోపల బల్లచెక్కంత ఇరుకు పీట మీద, కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో సంభాషణల కాగితాలతో అక్క కూర్చుని ఉంది.

"అక్కా, సంగీతం క్లాసు?"

"ఇదే. గట్టిగా అరవకు."

అర్థమవడానికి అతనికి కాస్త టైము పట్టింది.

"పెద్దాయనకు మాటలు నిలవడం లేదురా," అంది అక్క గుసగుసగా. "రెండు ముక్కలు అందిస్తే చాలు, మిగతాది సింహంలా లాగేస్తాడు. డబ్బింగులో ఎలాగూ కాగితం చూసి చెప్పొచ్చు. బయటికి తెలిస్తే ఎవరు వేషం ఇస్తారు? నటన లేకపోతే ఆయన ఎన్నాళ్లు బతుకుతాడు?"

"మరి ఇసుకదిబ్బ మీద బావ ఎందుకు కట్టించాడు? అక్కడ మాటలే లేవు కదా?"

"ఒక్క పెద్దాయన వెనకే కడితే నీలాంటివాడు పసిగట్టడూ? అన్నిట్లో కడితే పిచ్చి అనుకుంటారు. పిచ్చివాడని తనకు పేరొస్తే పోయేదేం లేదన్నాడు మీ బావ." అక్క కాగితాలు సర్దుకుంది. "మీ బావ మొదటి సినిమా, మొదటి షాటు. భయంతో యాక్షన్ అనడమే మర్చిపోయాడట. పెద్దాయనే పెదాలు కదపకుండా 'నాయనా, యాక్షన్ అను' అని అందించాడట."

బయట నిర్మాత గొంతు వినిపించింది. "ఏమయ్యా, పీకావా?"

బామ్మర్ది పరదా వదిలేసి, నిచ్చెనతో సహా ఇవతలికొచ్చాడు. ఒక్కసారి తన నెమళ్లను తలుచుకుని నిట్టూర్చాడు.

"పీకకూడదండి. సింహాసనం వెనక పరదా లేకపోతే ఆ కాలంలో రాజు కింద లెక్కేసేవాళ్లు కాదు."

"ఆ కాలం నువ్వు చూశావా?"

"మీరు చూశారా సార్?"

నిర్మాత కుర్చీలో కూలబడ్డాడు.

షాటు మొదలైంది. పెద్దాయన గొంతు సభ నాలుగు మూలలకూ పాకింది. ఉన్నట్టుండి నడిమధ్యలో ఆగిపోయాడు. నిర్మాత ముందుకు వంగాడు. కెమెరా పక్కన బావ పిడికిళ్లు బిగించాడు. పెద్దాయన మెల్లగా వెనక్కి ఒరిగి, పరదా మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి మళ్లీ అందుకున్నాడు. షాటు అయ్యేసరికి లైట్లవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఆ మధ్యలో ఆగాడు చూశావా?" అన్నాడు నిర్మాత ముక్కు చీదుకుంటూ. "అదయ్యా నటనంటే! మతిమరుపని కూసినవాడెవడు?"

తర్వాతి వీడియో పడవ మీద. బావ అడక్కముందే బామ్మర్ది తెరచాప పక్కన పరదా కట్టేశాడు. పాడే కుర్రాడు ఎందుకని అడిగితే ప్రొఫెసరుగారి వ్యాసం గడగడా అప్పజెప్పాడు.

కొత్త రాజుల సినిమాకు సెట్టు చూడ్డానికి వచ్చిన బావ, సింహాసనం వెనక పరదా ఎత్తి అలాగే నిలబడిపోయాడు. అక్కడ పీట లేదు. మెత్తటి దిండుతో, చేతులు ఆనించుకునే వీలుతో, మోకాళ్లు నొప్పెట్టనంత ఎత్తులో చక్కటి కుర్చీ ఉంది. దాని కోళ్ల మీద నెమళ్లు చెక్కి ఉన్నాయి.

బావ కుర్చీ దిండు నొక్కి చూశాడు. "ఆ కాలంలో ఇలాంటి కుర్చీలు ఉండేవి కావురా."

"నువ్వు చూశావా బావా?" అన్నాడు బామ్మర్ది, పరదా సరిచేస్తూ.