ఆరో ఇంటి వంతు

పాకాల దగ్గర మా పొలం బావికి ఆరిళ్ళు, ఆరు వంతులు. ఇంటికొక రోజు నీళ్ళు. ఆదివారం ఊట ఊరాలి కాబట్టి మోటారు వేయం. వంతు ముగిసినవాళ్ళు పొద్దున్నే మోటారు తాళంచెవిని తరువాతి ఇంటికి చేర్చాలి. శుక్రవారం అది మా దేవుడి గూట్లో ఉంటుంది. శనివారం ఆరో ఇంట్లో, శిలువ కింద మేకుకు వేలాడుతుంది. ఐదిళ్ళ వాళ్ళం దాయాదులం. ఆరో ఇంటి తాత బావిలో బండ పగలగొట్టినందుకు మా పెద్దలు ఆయనకొక వంతు ఇచ్చారు. అదంతా నోటిమాట.

భూముల రీసర్వే వచ్చినప్పుడు బావి మీద ఐదు పేర్లే రాయిద్దామన్నాడు మా ఆయన. "ఆమె వంతు యాడికీ పోదులే, మనమే ఇస్తా ఉంటాం" అన్నాడు. ఆమె అంటే ఆరో ఇంటి ఆవిడ. ఆ శుక్రవారం మా వసారాలోనే సెనక్కాయలు ఒలుస్తూ ఉంది.

తిరుపతి కాలేజీలో పాఠాలు చెప్పే మా మరిది అందుకున్నాడు. "ఎవరి పేరూ వద్దన్నా. సొంతమని రాసుకున్నప్పుడే తగువు పుడతాది. సర్కారు లేకపోయినా మనుషులు సర్దుకోగలరు. దాన్నే అరాచకవాదం అంటారు."

"అరాచకం నువ్వు కొత్తగా తేవల్లనా? ఎలక్షన్లప్పుడు సూస్తానే ఉండాం గదా."

"అది కాదన్నా. పైన దొర లేకుండా పదిమందీ కలిసి నడుపుకునేది. మన బావి అట్ల నడస్తా ఉండేదే గదా."

"మరి తిరుపతిలో నీ ప్లాటుకు గోడ యాల కట్టినావప్పా?"

"ఆవులొస్తాయని" అన్నాడు మరిది. అందరం నవ్వాం.

మా పెద్దలు పేరు తెలియకుండానే చేసిన పనికి అతను ఒక పేరు చెప్పాడు. అందుకు అతనికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

ఆమె మాత్రం నవ్వలేదు. "కాగితం వద్దనేది కాగితాలు ఉండేవాళ్ళకు సులువు సార్. మాట ఇచ్చిన పెద్దోళ్ళు పోయినారు. రేపు మీ పిల్లోళ్ళు నువ్వెవురని అడిగితే నేనేం సూపియ్యాల?"

 ఆమె వెళ్ళాక మా ఆయన నాతో అన్నాడు. "రేపు సర్వేయరు వస్తాడు. ఆమె మోటారు వేస్తా ఉంటే రాయక తప్పదు. తాళంచెవి ఇయ్యొద్దు."

మర్నాడు స్నానం చేసి స్వామికి దీపం పెట్టాను. తాళంచెవి ఆయన పాదాల దగ్గరే ఉంది. ఒకరి వంతు దాచుకుని ఆ దీపం ముందు నిలబడలేననిపించింది. తీసుకుని బయలుదేరాను.

"యాడికే?" అన్నాడు మా ఆయన.

"వంతు ఇచ్చొస్తా."

"నేను చెప్పింది వినపళ్ళేదా?"

"వినపడింది" అని గడప దాటాను.

సర్వేయరు వచ్చేసరికి ఆమె టమాటా మడిలో నీళ్ళు పారుతున్నాయి. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే, పద్యాలతో పాటు పాత దస్తావేజులు చదివించి అక్షరాలు నేర్పాడు. ఆ రోజు ఆయన్ని మనసులో తలుచుకుని సర్వేయరు చేతిలోని కాగితం అడిగి చదివాను.

"అనుభవంలో ఉండేవాళ్ళకు ఈడ గడి ఉండాదే సార్. ఆమె పేరు రాయండి."

"ఐదిళ్ళూ సంతకం పెట్టాలమ్మా. మీ ఇంటాయన ఒప్పుకున్నారా?"

"ముందు మిగతా నాలుగిళ్ళకు పోదాం రండి."

ఆ నాలుగిళ్ళవాళ్ళూ ఆ బావి కథ ఎరిగినవాళ్ళే. ఒకాయన గొణిగినా పెట్టాడు. మరిది సాక్షి సంతకం చేస్తూ, "ఇది నా వాదానికి విరుద్ధం వదినా" అన్నాడు.

"పోనీలే నాయనా, దాన్నీ నీ ప్లాటు గోడ పక్కనే పెట్టుకో" అన్నాను.

ఇక మా ఇల్లే మిగిలింది. మా ఆయన నా వైపు చూడకుండా కలం అందుకున్నాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రాశాడు.  అయినా సంతకం పెట్టాడు, నాకు అది చాలు.

సోమవారం పొద్దున తాళంచెవి ఆరో ఇంటి నుంచి మొదటి ఇంటికి చేరింది.